పర్ణశాల పరిసరాలలో స్థానిక చరిత్ర బోధన: చరిత్ర మండళ్ళు వేసిన బాట

(ప్రత్యేక వ్యాసం)

భద్రాచల పుణ్యక్షేత్రానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఎడమ గట్టున, దుమ్ముగూడెం మండలంలో నెలకొని ఉన్న పర్ణశాలను ఏటా వేలాది యాత్రికులు దర్శిస్తారు. సీతారామలక్ష్మణులు వనవాస కాలంలో ఇక్కడ నివసించారని, మాయలేడి ఉదంతం ఇక్కడే జరిగిందని భక్తుల విశ్వాసం. సీతవాగు ఒడ్డున వన్నెలు తేలిన శిలలను చూపి, సీతమ్మవారు నారచీరలు ఆరవేసిన ఆనవాళ్ళని స్థానికులు చెబుతారు. యాత్రికులు ఆ శిలలకు నమస్కరించి, రామాయణ ఘట్టాల బొమ్మలను తిలకించి, సాయంకాలానికి తిరిగి భద్రాచలం చేరుకుంటారు.

ఆ బస్సు ప్రయాణంలో యాత్రికులు సాధారణంగా గమనించని విశేషం ఒకటి ఉన్నది. తెలంగాణలోని భద్రాచలం పట్టణం నుంచి తెలంగాణలోనే ఉన్న పర్ణశాలకు వెళ్ళే బస్సు, మార్గమధ్యంలో కొంత దూరం ఆంధ్రప్రదేశ్ గ్రామాల మీదుగా సాగుతుంది. 2014లో పోలవరం ప్రాజెక్టు నిమిత్తం పూర్వపు ఖమ్మం జిల్లాకు చెందిన ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో విలీనం చేసిన ఫలితమిది. భద్రాచలం పట్టణం ఒక్కటి ఇటు నిలిచి, దానిని ఆనుకొని ఉన్న గ్రామాలు అటు వెళ్ళాయి. ఈ సీమకు ఇటువంటి మార్పు కొత్త కాదు. తాత పుట్టినది ఒక రాష్ట్రం, తండ్రి పుట్టినది మరొకటి, తాను చదువుకుంటున్నది వేరొకటి అయిన విద్యార్థి ఈ మండలంలో ఏ పాఠశాలలోనైనా కనిపిస్తాడు. ముగ్గురూ పుట్టిన ఊరు మాత్రం ఒక్కటే.

ఇటువంటి ప్రాంతంలో స్థానిక చరిత్రను ఎవరు బోధించాలి, ఏ ఆధారాలతో బోధించాలి అన్న ప్రశ్న పాఠశాల విద్యకు మాత్రమే పరిమితమైనది కాదు. అటవీ హక్కుల పత్రం మొదలుకొని వరద ముందస్తు ఏర్పాట్ల వరకు పలు పరిపాలనా వ్యవహారాలతో దానికి నేరుగా సంబంధం ఉన్నది.

ఒక ఊరు, పలు ఏలుబడులు

17వ శతాబ్దిలో గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా హయాంలో పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న భద్రాచల రామాలయాన్ని నిర్మించిన సంగతి విదితమే. గోల్కొండ పతనానంతరం మొగలుల పాలనలోనికి, ఆపై నిజాం ఏలుబడిలోనికి వచ్చిన గోదావరి ఎడమ గట్టు తాలూకాలు 1860 నాటి ఒప్పందంతో బ్రిటిష్ ప్రభుత్వానికి దక్కాయి. వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను విడదీసి మద్రాసు రాజధానికి, అందులో గోదావరి జిల్లాకు బదలాయించారు. 1925లో ఆ జిల్లా తూర్పు గోదావరి అయినది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడినప్పటికీ భద్రాచలం అందులో లేదు. 1959లో మాత్రమే భద్రాచలం ఏజెన్సీ తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో చేరాయి. 2016 అక్టోబరు 11 నుంచి పర్ణశాల భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

ఈ తేదీల వరుస పరీక్షలో రాయించడానికి ఉద్దేశించినది కాదు. ప్రతి మార్పుతోను రికార్డుల భాష మారినది, శిస్తు రేటు మారినది, కాగితాలు ఉండే ఊరు మారినది. రేకపల్లి తాలూకా సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసుకు మారిన తరువాత పోడు సాగుపై శిస్తు పెరిగింది. కొన్ని జాతుల చెట్లు కొట్టరాదన్న ఆంక్షలు వచ్చాయి. 1879లో రంపలో మొదలైన పితూరీ అదే సంవత్సరం రేకపల్లి కొండలకు వ్యాపించడానికి గల కారణాలలో ఇది ముఖ్యమైనది. పాఠ్యపుస్తకంలో రంప పితూరీ ఒక పేరాలో ముగుస్తుంది. హద్దు రేఖ జరిపినందువల్ల గిరిజన రైతుకు ఏమి జరిగిందన్నది ఆ పేరాలో ఉండదు. దానిని చెప్పగలిగినది స్థానిక చరిత్ర మాత్రమే.

పర్ణశాల పూర్వ చరిత్రను తెలుసుకోదలచిన పరిశోధకుడు నాలుగైదు ఊళ్ళు తిరగవలసి ఉంటుంది. 1860కి పూర్వపు నిజాం ప్రభుత్వ కాగితాలకు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, ఆ తరువాతి పద్నాలుగు సంవత్సరాలకు సెంట్రల్ ప్రావిన్సెస్ రికార్డులు, 1874 తరువాత మద్రాసు రాజధాని రికార్డులున్న చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్, జిల్లా స్థాయి కాగితాలకు కాకినాడ, ఖమ్మం కలెక్టరేట్లు. తొలి కాగితాలు పారశీకంలో, తరువాతివి ఆంగ్లంలో, గ్రామ లెక్కలు తెలుగులో. ఇక్కడి కోయ ప్రజల మాతృభాష కోయ కాగా, ఈ భాషలలో ఏ ఒక్కటీ అది కాదు.

మండళ్ళు ఏమి నేర్పాయి

చరిత్రను విశ్వవిద్యాలయాల గోడలు దాటించి జిల్లాల్లోని ఉపాధ్యాయులు, న్యాయవాదులు, గుమాస్తాల చేతికి అందించిన ఘనత గత శతాబ్ది తొలి దశకాల చరిత్ర మండళ్ళది. వాటిలో రెండు సంస్థల అనుభవం పర్ణశాల ప్రాంతానికి ప్రత్యేకించి వర్తిస్తుంది.

మొదటిది రాజమహేంద్రవరంలో 1922లో నెలకొన్న ఆంధ్రేతిహాస పరిశోధక మండలి. చాళుక్య రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం జరిగి 900 సంవత్సరాలు నిండిన సందర్భాన వెలువడిన ప్రత్యేక సంచికతో దాని కృషి లోకానికి తెలిసింది. భావరాజు వేంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు ప్రభృతులు దానికి జీవం పోశారు. 1926 నుంచి మండలి త్రైమాసిక పరిశోధన పత్రికను ఆంగ్లంలో నడిపింది. తెలుగు పాఠకుల కోసం 1935లో మారేమండ రామారావు సంపాదకత్వాన కాకతీయ సంచికను, 1947లో రెడ్డి సంచికను వెలువరించింది. సేకరించిన విగ్రహాలు, నాణేలు, తామ్రశాసనాలతో ఒక ప్రదర్శనశాలను నెలకొల్పింది. తదనంతరం అది పురావస్తు శాఖ అజమాయిషీలోకి వచ్చి, రాళ్ళబండి సుబ్బారావు పేరిట ప్రభుత్వ మ్యూజియంగా నేటికీ కొనసాగుతున్నది. ఆ మండలి ఏర్పడిన నాడు పర్ణశాల కూడా రాజమహేంద్రవరం ఉన్న జిల్లాలోనిదే. ఆ విధంగా అది పర్ణశాలకు సైతం జిల్లా చరిత్ర మండలి అయినది. అయితే మండలి దృష్టి ప్రధానంగా రాజవంశాల మీద, శాసనాల మీద నిలిచింది. శాసనం చెక్కించుకోని కొండసీమ ప్రజల చరిత్రకు ఆ పుటలలో దక్కిన చోటు స్వల్పం.

రెండవది హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపకులలో ఒకరైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1923లో దివంగతులైన పిమ్మట పరిశోధక సంఘం ఆయన పేరును స్వీకరించింది. దీనికి కార్యదర్శిగా శ్రమించిన ఆదిరాజు వీరభద్రరావు నేటి ఖమ్మం జిల్లా మధిర సమీపంలోని దెందుకూరులో జన్మించారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. నిజాం రాష్ట్రంలో తెలుగు చదువుకు తగిన ఆదరణ లేని కాలంలో, సెలవు దినాలను శాసనాల అన్వేషణకు వెచ్చించిన ఇటువంటి బడిపంతుళ్ళ శ్రమ ఫలితమే 1935లో వెలువడిన ‘తెలంగాణ శాసనములు’ మొదటి సంపుటం.

ఈ మండళ్ళు తరగతి గదులు నడపలేదు, పట్టాలు ఇవ్వలేదు. వాటి విద్యా కార్యక్రమం క్షేత్రంలోనే సాగింది. ఊరి బయట పడి ఉన్న శిలను గుర్తించడం, నీటితో కడిగి తడి కాగితం పరచడం, అక్షరాల గుంటలలోనికి కాగితం దిగేలా కుంచెతో కొట్టడం, ఆపై మసి అద్ది అచ్చు తీయడం, ఆ అచ్చును నలుగురి ముందు చదివి తప్పొప్పులు చర్చించడం, చివరకు ప్రచురించడం. ఇందులో అతి ముఖ్యమైన పాఠం చివరి రెండింటిలో ఉన్నది. ఒకరు చదివినది మరొకరు సరిచూడకుండా చరిత్ర కాబోదని ఆ మండళ్ళు ఆచరణలో నేర్పాయి. శాసన పరిష్కరణకు ఎంత కాలం పడుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలును. తెలంగాణ శాసనముల రెండవ సంపుటం 1960లో గాని వెలుగు చూడలేదు.

శిల మీద లేనిది, గుడ్డ మీద ఉన్నది

పర్ణశాల చుట్టుపట్ల కోయ గూడేలలో ఈ పద్ధతిని యథాతథంగా అమలు చేయడానికి శాసనాలు లేవు. కాని వాటికి సాటి వచ్చేవి ఉన్నాయి. కోయల వంశ చరిత్ర గట్లుగా విభజితమై ఉన్నది. ఆయా గట్లకు చెందిన ఇంటిపేర్లు, వేల్పులు, మూలపురుషుల గాథలు పగిడెలపై బొమ్మలుగా కనిపిస్తాయి. త్రికోణాకారంలో ఉండే ఈ గుడ్డ పతాకను కొలుపు సందర్భంలో బయటకు తీస్తారు. డోలు వాయిస్తూ కథ గానం చేసే డోలి కళాకారులే దానికి వ్యాఖ్యాతలు. పాట లేనిదే పగిడె చదవడం సాధ్యం కాదు. బొమ్మ చూసినవాడికి గుర్రంపై వీరుడు కనిపిస్తాడు. అతడు ఎవరు, ఏ వాగు దాటి వచ్చాడు, ఏ గూడెంతో వియ్యమందాడు అన్నది పాట మాత్రమే చెబుతుంది.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు కేంద్ర ప్రభుత్వం 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. సమ్మక్క, సారలమ్మల వీరగాథను కోయ, తెలుగు భాషలలో గానం చేయగల కొద్దిమందిలో ఆయన ఒకరు. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. శాసనం ఈ సంవత్సరం చదవకపోతే వచ్చే సంవత్సరం చదువుకోవచ్చు. గాయకుని విషయంలో ఆ సౌకర్యం లేదు. ఈ ఒక్క తేడా వల్లనే ఇక్కడి స్థానిక చరిత్ర కార్యక్రమానికి మైదాన ప్రాంతపు మండళ్ళకు లేని తొందర ఏర్పడుతున్నది.

లిఖిత రూపంలో కోయల ఆచారాలను తొలిగా నమోదు చేసిన వారిలో దుమ్ముగూడెం క్రైస్తవ మిషన్‌కు చెందిన రెవరెండ్ జాన్ కెయిన్ ఒకరు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలపై ఆయన వ్యాసాలు 1870 దశకంలో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో వెలువడ్డాయి. తదుపరి గ్రంథకర్తలు వాటిని విరివిగా వాడుకున్నారు. ఊళ్ళ పేర్లు, పండుగలు, వివాహ పద్ధతులు అందులో ఉన్నాయి. వాటితో పాటు మత ప్రచారకుని అభిప్రాయాలూ ఉన్నాయి. విద్యార్థి చేత ఆ వ్యాసాన్ని చదివించి, అందులోని విషయం తన అవ్వ చెప్పిన దానితో ఎక్కడ సరిపోతున్నది, ఎక్కడ సరిపోవడం లేదు అని రాయించినట్లయితే, రాజమహేంద్రవరం మండలి సభ్యులు శాసన పాఠాన్ని సరిచూసిన పనినే ఆ విద్యార్థి చేసినట్లవుతుంది.

మాతృభాషలో బోధనకు ఈ రాష్ట్రంలో పూర్వరంగం లేకపోలేదు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ ఆధ్వర్యాన గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషలలో, 240 పాఠశాలల్లో బహుభాషా విద్యను ప్రవేశపెట్టింది. ఆ ఎనిమిదింటిలో కోయ ఒకటి. తెలుగు లిపిలో కోయ వాచకాలు ఆ సందర్భంలో రూపొందాయి. 1963లో హైదరాబాదులో ఏర్పడిన గిరిజన సాంస్కృతిక పరిశోధన, శిక్షణ సంస్థ వద్ద గిరిజన తెగలపై అధ్యయనాలు, ఒక ప్రదర్శనశాల ఉన్నాయి. భద్రాచలం ఐ.టి.డి.ఎ. ప్రాంగణంలోనూ గిరిజన మ్యూజియం ఉన్నది. వనరులు లేవని చెప్పడానికి వీలులేదు. వాచకం తయారుచేసిన వారు, పగిడె సేకరించిన వారు, బడిలో పాఠం చెప్పేవారు ఒక చోట కూర్చున్న సందర్భాలే అరుదు.

చట్టం అడుగుతున్న చరిత్ర

స్థానిక చరిత్రను తీరిక వేళల వ్యాపకంగా భావించే అధికారులు అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006 కింద రూపొందిన నియమావళిని ఒకసారి పరిశీలించవలసి ఉంటుంది. 2008 జనవరిలో అమలులోకి వచ్చిన ఆ నిబంధనలలోని 13వ నిబంధన, హక్కుదారు సమర్పించదగిన ఆధారాలను పేర్కొన్నది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే, సెటిల్‌మెంట్ నివేదికలు, పటాలు వంటి ప్రభుత్వ రికార్డులు అందులో ఉన్నాయి. పేరెన్నికగన్న సంస్థలు ఆచార సంప్రదాయాలపై జరిపిన అధ్యయనాలు ఉన్నాయి. బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు వంటి పురాతన ఆనవాళ్ళు, వంశవృక్షం, హక్కుదారు కాని పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలం సైతం ఆధారాలే. ఒక్క ఆధారంతో సరిపెట్టక, ఒకటికి మించిన ఆధారాలను పరిగణనలోకి తీసుకోవాలని కూడా నిబంధన చెబుతున్నది.

చరిత్ర మండలి సభ్యుడు చేసే పని జాబితా రాయమంటే దాదాపు ఇదే జాబితా వస్తుంది.

షెడ్యూల్డు తెగల వారు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి తమ అనుభవంలో ఉన్నదని చూపితే సరిపోతుంది. ఇతర సాంప్రదాయ అటవీ నివాసులు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అనగా 75 సంవత్సరాలు, అడవిలో నివసించినట్లు రుజువు చూపవలసి ఉన్నది. లెక్క వేస్తే అది 1930కి చేరుతుంది. 1930లో పర్ణశాల మద్రాసు రాజధానిలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండెను. అంటే దుమ్ముగూడెం మండలంలోని పేద రైతు తన తాత ఉనికిని కాగితంపై చూపాలంటే, ఆ కాగితం ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో దొరకకపోవచ్చు. అది కాకినాడలో ఉండవచ్చు, చెన్నైలో ఉండవచ్చు. ఈ సంగతి తెలియని హక్కుదారు తాలూకా కార్యాలయం చుట్టూ తిరిగి, రికార్డు లేదన్న సమాధానంతో వెనుదిరుగుతాడు. తెలిసిన ఉపాధ్యాయుడు గ్రామంలో ఒక్కడున్నా అన్వేషణ సరైన చోట మొదలవుతుంది.

పెద్దల వాంగ్మూలానికీ ఇదే వర్తిస్తుంది. “ఎప్పటినుంచో ఉంటున్నాము” అన్న మాట ఏ కమిటీ ముందూ నిలవదు. “పెద్ద వరద వచ్చిన ఏడు ఈ చింతచెట్టు కింద గుడిసె వేసుకున్నాము, అప్పటికి మా అన్నకు పెళ్ళయింది” అన్న మాటకు కాలం కట్టవచ్చు. వృద్ధులను ప్రశ్నించే తీరు, వారి జ్ఞాపకాన్ని తెలిసిన సంఘటనతో ముడివేసి రాసుకునే తీరు శిక్షణతో వచ్చేవే. పర్ణశాల ప్రాంతం షెడ్యూల్డు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఆచార సంప్రదాయాల పరిరక్షణ బాధ్యతను అప్పగించింది. ఈ కారణంగా అటువంటి నమోదుకు తగిన వేదిక గ్రామసభయే.

ఒక రోజు పాఠం

పర్ణశాల పరిసరాలలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఒక రోజు క్షేత్ర సందర్శన ఏర్పాటు చేయదలచిన ఉపాధ్యాయునికి దూరపు ప్రయాణం అక్కరలేదు. ఉదయం సీతవాగు వద్ద మొదలుపెట్టవచ్చు. శిలలపై వన్నెల గురించి ఊరివారు చెప్పే కథను ముందుగా వారి నోటనే వినిపించి, శిలల రంగులకు భూగర్భ కారణాలను విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని చేత చెప్పించవచ్చు. ఇదే గోదావరి ఎగువన మహారాష్ట్రలోని నాసిక్ వద్ద పంచవటిలో కూడా ఇదే రామాయణ ఘట్టం జరిగిందని అక్కడివారు విశ్వసిస్తారు. ఒక కథకు రెండు స్థలాలు ఎందుకున్నాయన్న ప్రశ్న పిల్లల నుంచి తప్పక వస్తుంది. విశ్వాసాన్ని కించపరచకుండా, ఒక నది పొడవునా కథ ప్రయాణించిన తీరును వివరించడానికి అంతకు మించిన అవకాశం దొరకదు.

మధ్యాహ్నం దుమ్ముగూడెం ఆనకట్ట. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, అనగా 1861 నుంచి 1865 వరకు, ఇంగ్లండు మిల్లులకు పత్తి కరవైనది. మధ్య పరగణాల పత్తిని గోదావరి మీదుగా పడవలలో కోస్తా రేవుకు చేర్చాలన్న ఎగువ గోదావరి నౌకాయాన పథకానికి అది ఊపునిచ్చింది. ఆర్థర్ కాటన్ ప్రతిపాదించగా హెయిగ్ అనే ఇంజనీరు పనులు నడిపించారు. నదిలోని రాతి అడ్డంకులను దాటించడానికి తొలి అడ్డంకి వద్ద ఇక్కడ ఆనకట్ట, కాలువ, లాకులు నిర్మించారు. యుద్ధం ముగిసింది, రైలు మార్గాలు వచ్చాయి, వ్యయం అంచనాలు దాటింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని విరమించింది. ఆనకట్ట నిలిచి ఉన్నది. సీతారామ ఎత్తిపోతల పథకానికి నేడు నీరు మళ్ళేది ఈ ఆనకట్ట ఎగువ నుంచే. అమెరికాలో జరిగిన యుద్ధానికి తమ ఊరి ఏటిలోని రాళ్ళ కట్టకు సంబంధం ఉన్నదని తెలిసిన విద్యార్థికి ప్రపంచ చరిత్ర పాఠం వేరుగా చెప్పనక్కరలేదు.

సాయంకాలం వరదలు. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. ఈ అంకెలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. పర్ణశాలలో ఆ రోజుల్లో నీరు ఏ ఇంటి ఏ మెట్టు వరకు వచ్చినది, ఏ దారి ముందుగా మునిగినది, పశువులను ఏ మిట్టకు తోలినది అన్న సమాచారం మాత్రం అప్పటి వారి జ్ఞాపకంలో మాత్రమే ఉన్నది. విద్యార్థులు ఇల్లిల్లూ తిరిగి దానిని నమోదు చేసి, గ్రామ పటంపై గుర్తించినట్లయితే, తదుపరి వరదకు పునరావాస ఏర్పాట్లు చేసే తహశీల్దారుకు అది అక్కరకు వచ్చే పటం అవుతుంది.

ఇటువంటి నమోదులో పాటించవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. చెప్పినవారి పేరు, గట్టు, గూడెం, చెప్పిన తేదీ, చెప్పిన భాష తప్పనిసరిగా రాయాలి. కోయలో చెప్పినది ముందు కోయలోనే, తెలుగు లిపిలో రాసి, ఆ తరువాత తెలుగు చేయాలి. కొలుపు సమయంలో మాత్రమే బయటకు తీసే వస్తువులను, బయటివారికి చెప్పకూడని విషయాలను పూజారి, కులపెద్దల అనుమతి లేనిదే చిత్రీకరించరాదు. సేకరించిన దానిని పట్టణానికి తీసుకుపోయి బీరువాలో పెట్టడం గతంలో తరచు జరిగింది. ఆ పొరపాటు పునరావృతం కాకూడదు. ఒక ప్రతి పాఠశాలలో, ఒక ప్రతి ఐ.టి.డి.ఎ. మ్యూజియంలో ఉంచి, మూలప్రతిని గ్రామసభ దస్తావేజులతో పాటు పంచాయతీ కార్యాలయంలో భద్రపరచడం ఉచితం.